ఆకు పెట్టిన సంచి

పోయిన ఏడాది చైత్రంలో, మా ఊళ్ళో ఇటుకల పండగ, అంటే విత్తనాల పండగ, ఇంకా మూడు రోజులుందనగా, గురువారం మధ్యాహ్నం పన్నెండు గంటల నలభై నిమిషాలకి నేను నా చేతిసంచిని ఎయిర్‌పోర్టులో వదిలేసి బయటికొచ్చేశాను. గంటా నిమిషం ఇంత కచ్చితంగా ఎలా తెలుసంటే, తర్వాత అక్కడి ఆఫీసులో నాకది టీవీలో చూపించారు. బొమ్మ మూలన అంకెలు పడుతున్నాయి. నేను అక్షరాలు దిద్దింది మనవలు పుట్టాక గానీ, అంకెలు ముందునుంచీ వచ్చు. సంతలో కాటా దగ్గర నేర్చుకున్నాను. ఆ అంకెల పక్కన ఒక ముసల్ది స్తంభం దగ్గర వంగి సంచి దింపుతోంది. నడుం పట్టుకుని లేస్తోంది. నేను అలా లేస్తానని నాకు అప్పటిదాకా తెలీదు.

ఆ సంచిలో మోకాళ్ళ నొప్పి బిళ్ళలు, దువ్వెన, తువ్వాలు ఉన్నాయి. అవి పోతే పోనీ. పాతచీరలో చుట్టిన ఆనపకాయ బుర్ర కూడా ఉంది. అది మా అప్పది. దాన్నిండా సామ విత్తనం.

అప్ప అంటే నా సొంత అక్క. ఇద్దర్నీ పుట్టిన ఊళ్ళోనే ఇచ్చారు. అరకు నుంచి ఇంకా పైకి వెళ్ళి, రోడ్డు ఆగిపోయిన చోట దిగి నడిస్తే మా ఊరు. ఊళ్ళో అందరూ కాఫీ, మిరియం వేసుకున్నారు. నేనూ వేశాను. కాఫీకి కొనేవాళ్ళున్నారు, సామకి దంచేవాళ్ళు లేరు. అప్ప ఒక్కత్తే కొండవాలు మీద తన ముక్కలో ఆ సామ వేస్తూ వచ్చింది. అది ఆలస్యంగా పండే రకం. మొక్క పొట్టి, గాలికి పడదు. గంజి కాస్తే జిగురుగా ఉంటుంది, మర్నాటికి కూడా పులవదు. అంతకుముందు కోతల్లో వాన పట్టుకుని సగం పంట వెన్నులోనే మొలకెత్తిపోయింది. మిగిలింది ఎంచి ఎంచి దాస్తే ఒక్క బుర్రకే వచ్చింది. ఆ విత్తనం చుట్టుపక్కల ఏ ఇంట్లోనూ లేదు. అప్పకి ఆయాసం పట్టుకుని మంచం దిగడం తగ్గింది. ఈ ఏడు వేస్తే కళ్ళతో చూస్తుంది, వచ్చే ఏటి మాట ఎవరికి తెలుసు. ఆ సంచి పోతే పోయేది అదీ.

విత్తనానికి మాకొక పద్ధతి ఉంది. కోత అయ్యాక ఎండిన బుర్రలో గింజ పోసి, కానుగాకు వేసి, మూతికి పుట్టమన్నూ బూడిదా కలిపి మెత్తుతాం. మెత్తిన మనిషి వేలిగుర్తులు దాని మీద ఉండిపోతాయి. ఇక దాన్ని ఇటుకల పండగనాడు ఊరి నడుమ శంకుదేవుడి రాళ్ళ దగ్గర, పూజారి ఎదురుగా విప్పాలి. ముందే విప్పితే ఆ గింజ తినడానికి పనికొస్తుంది గానీ నేలలో వెయ్యకూడదు. విప్పేటప్పుడు అక్కడ నిలబడ్డవాళ్ళని పూజారి ఒక్కొక్కళ్ళనే దేవుడికి చెబుతాడు. చంకలో పిల్లనీ చెబుతాడు, దారిన పోతూ ఆగిన కొత్తవాణ్ణీ చెబుతాడు. వాళ్ళు ఆ విత్తనానికి చుట్టాలు. కొత్త పండాక వాళ్ళకి దోసెడు గింజ పెట్టాలి.

వ్యవసాయం ఆఫీసు తరఫున మా ఊళ్ళు తిరిగే గుంట ఒకత్తుంది. మంచి పిల్ల, కాళ్ళకి జెలగలు పట్టినా నవ్వుతూ వస్తుంది. పై రాష్ట్రంలో పెద్ద ఊళ్ళో విత్తనాల మేళా జరుగుతోంది, ఈ సామ అక్కడ చూపించాలంది. చిటికెడు పొట్లం కట్టి ఇమ్మంది. పండగ దాకా బుర్ర విప్పం. కాబట్టి వెళ్తే బుర్రే వెళ్ళాలి, లేకపోతే ఏదీ లేదు. అప్ప ఒద్దంది. నేనే పట్టుపట్టాను. ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళి ఒళ్ళో పెట్టుకుని తెస్తానన్నాను. తోడుకి మా మరిది, అంటే నా పెనిమిటి తమ్ముడు, వస్తానన్నాడు. అప్ప చివరికి సరేనంది. బుర్ర నా చేతికిస్తూ ఒక్కటే చెప్పింది.

"ఎవులడిగినా ఇప్పకు సెల్లీ. కలెక్టరడిగినా ఇప్పకు."

మేళాలో మూడు రోజులూ దాన్ని దీపాల కింద బల్ల మీద పెట్టి పక్కనే కూర్చున్నాను. విప్పి చూపించమని చాలామంది అడిగారు. గడ్డాలవాళ్ళు అడిగారు, కళ్ళజోళ్ళవాళ్ళు అడిగారు. ఒకాయన బతిమాలాడు. విప్పలేదు. అక్కడ వచ్చినవాళ్ళందరికీ ఒకే రకం నల్ల సంచులిచ్చారు, భుజాన తగిలించుకునేవి. బుర్ర ఆ సంచిలో పెట్టుకుని విమానం ఎక్కాను. ఎక్కేచోట వాళ్ళు బుర్రని అటూ ఇటూ తిప్పి చూసి, గుంట చెప్పింది విని, వదిలేశారు. ఆ విమానంలో మాలాగే మేళా నుంచి వచ్చేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఎక్కడ చూసినా అదే నల్ల సంచి.

దిగేముందు నాకు కడుపులో తిప్పింది. కింద పట్నంలో దిగాక, పెట్టెలు తిరుగుతూ వచ్చే చోట గుంటా మరిదీ నిలబడ్డారు. నాకు ఆగలేదు. బాత్రూం అవతల ఉంది. సంచితో లోపలికెళ్ళి ఆ తడిలో ఎక్కడ పెడతాను, విత్తనం కదా. స్తంభం పక్కన దింపాను. పక్కనే కుండీలో మొక్క ఉంది. దాని ఆకు ఒకటి తెంపి సంచి మీద పెట్టి వెళ్ళాను.

ఇది మా దగ్గర అందరూ చేసేదే. అడవిలో కట్టెల మోపు కట్టి నీళ్ళకి వెళ్తే దాని మీద పచ్చాకు పెట్టి వెళ్తాం. తేనెపట్టు చూసుకున్న చెట్టుకి ఆకు కడతాం. సంతకి మోసుకెళ్ళే బుట్ట బరువై దారిలో దింపేసినా అంతే. ఆకుంటే మనిషి ఉన్నట్టే. ఎవరూ ముట్టుకోరు, ఆ ఆకు ఎండిపోయేదాకా అలాగే ఉంటుంది. ఎయిర్‌పోర్టు గోడ మీద సామాను వదిలి వెళ్ళరాదని తెలుగులో రాసి ఉంది. కూడబలుక్కుని చదివాను కూడా. నేను వదిలి వెళ్ళడం లేదు కదా, ఆకు పెట్టాను కదా అనుకున్నాను. ఆకు తెంపినప్పుడు అది ప్లాస్టిక్‌దని తెలిసింది. ఆకు ఆకే అనుకున్నాను.

లోపల వాంతైంది. గుంట వెతుక్కుంటూ వచ్చి, నా మొహం చూసి, చెయ్యి పట్టుకుని నేరుగా గాలికి బయటికి తీసుకెళ్ళిపోయింది. వెనకాల బండి తోసుకుంటూ మరిది వస్తున్నాడు, సంచి వాడు తెస్తాడనుకున్నాను. కొండదారిలో కూడా ముందు నడిచేవాళ్ళు దింపింది వెనకవాళ్ళు ఎత్తుకుంటారు. అది చెప్పక్కర్లేదు.

కారెక్కి కళ్ళు మూసుకున్నాను. శృంగవరపుకోటలో టీకి ఆపారు. బిళ్ళ వేసుకుందామని సంచి ఇమ్మన్నాను. మరిది తన సంచి ఇచ్చాడు. ఇది కాదు నాదన్నాను. నీదేదని వాడన్నాడు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. స్తంభం దగ్గర సంచి చూశావా అనడిగితే చూశానన్నాడు. మరి ఎందుకు తేలేదంటే ఆశ్చర్యంగా నా వైపు చూశాడు.

"ఆకెట్టున్నాది గదా వదినా. ఎవులిదో అనుకున్నాను. పచ్చగున్నాది, ఇప్పుడే పెట్టెల్లారు అనుకున్నాను."

వాణ్ణి ఏమనాలి. నేనైనా ముట్టుకునేదాన్ని కాదు.

గుంట ఫోన్లు చేసింది. ఒకళ్ళు ఇంకొకళ్ళకి చెయ్యమన్నారు, వాళ్ళు మరొకళ్ళకి. చివరికి ఎవరో ఎత్తి, అలాంటి సంచి దొరికింది, చుట్టూ తాడు కట్టి మనుషుల్ని దూరం జరిపి తర్వాత పక్కకి తీశాం, సొంతదారు టికెట్టుతో రావాలన్నారు. కారు వెనక్కి తిప్పారు. డ్రైవరు గేరు వేసిన వేటు నాకు వినపడింది. నాకు మోకాళ్ళు సలుపుతున్నాయి, బిళ్ళలు ఆ సంచిలోనే ఉన్నాయి. ఎండ కారులోకి దిగి కూర్చుంది. కొండ ఎక్కుతాననుకున్నదాన్ని మళ్ళీ పల్లానికి పోతున్నాను.

ముగ్గుర్నీ వాళ్ళ గదిలో కూర్చోబెట్టారు. టీవీ చూపించింది అక్కడే. మరిది సంచి పక్కనుంచి బండి తోసుకుంటూ వెళ్ళి, ఆకు చూసి, బండిని కాస్త పక్కకి తిప్పి మరీ దాటుకుని పోయాడు. వాడి పద్ధతి చూస్తే నాకే ముచ్చటేసింది.

ఆఫీసరు హిందీ మనిషి. నా పెద్దకొడుకు ఈడు ఉంటాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, పొద్దున్నించీ కాదు, ముందురోజు నుంచీ డ్యూటీలో ఉన్నట్టున్నాడు. మాట కలపడానికి ఒక ఆడ కానిస్టేబుల్ని పిలిచాడు. ఆ అమ్మాయిది పార్వతీపురం వైపు పల్లపు ఊరట, వరి చేసే ఇల్లట. నన్ను చూసి కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"మామ్మా, ఆకెందుకెట్టేవు? అది సూసే అందరికీ అనుమానం పెరిగిపోనాది."

"ఆకెడితే ఎవులూ ముట్టుకోరు."

"మీ కాడ ఆకెడితే ఎవులూ ముట్టుకోరు మామ్మా. ఇక్కడ ఆకెడితే కుక్కతో సహా వచ్చి ముట్టుకుంతారు."

కుక్క నిజంగానే ఉంది. గోధుమరంగుది, మూల పడుకుని నాలుక చాపి రొప్పుతోంది. దాన్ని పట్టుకున్నవాడు గోడకి ఆనుకుని నిలబడే కునుకు తీస్తున్నాడు. బల్ల మీద నా సంచి, పక్కన ఒక ప్లాస్టిక్ కవర్లో ఆకు. ఆకుని కూడా దాచిపెట్టారు.

ఆఫీసరు చెప్పింది ఆ అమ్మాయి తెలుగులో చెప్పింది. కుక్క వాసన చూసింది, తప్పేమీ లేదు. మిషన్లో చూస్తే మూతి దగ్గర మట్టి గట్టిగా నల్లగా కనపడుతోంది, లోపల ఏముందో తేలడం లేదు. మనిషి లేకుండా దొరికిన వస్తువుని ఊరికే ఇచ్చెయ్యడానికి రూలు లేదు. సొంతదారు వాళ్ళ ఎదురుగా విప్పి చూపించాలి. విప్పకపోతే పొద్దున్న వేరే దళం వచ్చి దూరంగా తీసుకెళ్ళి వాళ్ళ పద్ధతిలో పగలగొడతారు. అప్పుడు గింజ దొరికే మాట లేదు.

నేను ఉన్న విషయం చెప్పాను. పండగ మూడు రోజుల్లో ఉంది, అక్కడ దేవుడి దగ్గర విప్పుతాం, కావాలంటే మీరూ వచ్చి చూసుకోండి, కోడికూర వండి పెడతామన్నాను. ఆ అమ్మాయి అంతా చెప్పింది. కోడికూర కూడా చెప్పిందనుకుంటాను. ఆఫీసరు నవ్వలేదు, కసరలేదు. రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు. తనకి కొండలంటే ఇష్టమేనట, తన ఊరూ కొండల్లోదేనట, కానీ రూలు తనది కాదట. గుంట ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడింది. ఆయన తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు.

నాకు ఆ గదిలో అర్థమైంది ఒకటే. విప్పితే అది విత్తనం కాకుండా పోతుంది, విప్పకపోతే అసలు లేకుండా పోతుంది. మూడు రోజులు గడ్డాలవాళ్ళకి విప్పనిది ఇక్కడ విప్పాలి. ఏడుపు రాలేదు. ఒళ్ళు నొప్పిగా ఉంది, ఏదో ఒకటి తేలితే పడుకోవాలని ఉంది. నిజం చెబుతున్నాను, ఆ గంటలో నాకు అప్ప కంటే నా నడుమే ఎక్కువ గుర్తుంది.

"ఇప్పుతాను," అన్నాను. "నాను తప్ప ఎవులూ సెయ్యెట్టకూడదని సెప్పు."

ఆఫీసరు సరేనన్నాడు. నీళ్ళు అడిగి నేల మీద చిలకరించాను. పాతచీర పరిచాను. చెప్పులు విడిచాను. వాళ్ళని విడవమనలేదు, ఆ బూట్ల తాళ్ళు ఊడదీసేసరికి పొద్దుగూకుతుంది. ఆ అమ్మాయి మాత్రం తనంతట తనే విడిచి గోడవార పెట్టి వచ్చింది. బుర్ర ఒళ్ళో పెట్టుకుంటే మూతి మీద అప్ప వేలిగుర్తులు కనపడ్డాయి. అప్ప కుడిచేతి చూపుడువేలు చిన్నప్పుడు కొడవలికి తెగి పొట్టిగా ఉండిపోయింది. ఆ పొట్టి గుర్తు మన్ను మీద అచ్చుగా ఉంది. నా వేలు దాని మీద పెట్టి చూశాను. తర్వాత ఇంటి తాళంచెవితో గీకాను. మన్ను పెళ్ళలుగా లేచింది. బూడిద ఎగిరి కుక్కకి తుమ్ములొచ్చాయి. దాని వెనకాల మనిషికి మెలకువొచ్చింది.

గింజ చీర మీద పోశాను. ఎండిన కానుగాకు వాసనా, మా అటక వాసనా ఆ చల్లగదిలో లేచాయి. ఆఫీసరు గొంతుక్కూచుని చూశాడు. పెన్ను తీసి కెలకబోయి నా మొహం చూసి మానేశాడు. నేనే వేళ్ళతో అడుగుదాకా కలిపి చూపించాను. ఏమీ లేదు, సామే. చాలన్నాడు. గుమ్మంలో గది తుడిచే ఆవిడ కర్రతో నిలబడి చూస్తోంది, బూడిద ఎప్పుడు తుడుద్దామా అని కాబోలు. నేను గింజ బుర్రలోకి ఎత్తుతుంటే వచ్చి వంగి, బల్ల కిందికి దొర్లినవి ఏరి నా దోసిట్లో పోసింది. సంచి ఇచ్చారు. ఆకు ఇవ్వలేదు.

ఆ రాత్రి కొండ కింద గుంటకి తెలిసినవాళ్ళింట్లో పడుకుని తెల్లవారి ఎక్కాం. ఘాటు రోడ్డు మొదట్లో మరిది కారు ఆపించాడు. మూత్రానికనుకున్నాను. రోడ్డు దిగి ఒక పుట్ట దగ్గర నిలబడి నన్ను పిలిచాడు. నెమ్మదిగానే చెప్పాడు.

"వదినా, ఇదిగో మన్నున్నాది. బూడిద టీకొట్టు కాడ దొరుకుతాది. మెత్తీసి ఎండలో పెడితే ఇంటికెల్లేసరికి గట్టిపడిపోద్ది. ఎవులికి తెలుత్తాది?"

"ఏలు?"

"ఏలు మడిసి పెట్టు. అదే గుర్తు పడతాది."

వాడూ అక్కడిదాకా ఆలోచించాడు. నేను మన్ను చేతిలోకి తీసుకున్నాను. చల్లగా, మెత్తగా, మంచి మన్ను. వేలు మడిచి చూశాను కూడా. సరిగ్గా అప్ప వేలంత ఉంది. నేను అబద్ధాలాడని మనిషినేం కాదు, కాఫీ కొనేవాడితో ఎన్ని ఆడానో. కానీ ఈ అబద్ధం ఆడితే దాన్ని కోతల దాకా మొయ్యాలి. కొత్త తినేటప్పుడు మొయ్యాలి. అప్ప ఉన్నన్నాళ్ళూ మొయ్యాలి. ఒక సంచి మొయ్యలేక దింపినదాన్ని. మన్ను పారేసి చేతులు చీరకి తుడుచుకుని కారెక్కాను.

దారిలో మూడు చోట్ల పక్క ఊళ్ళ ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా కర్ర పెట్టి ఆపారు. పండగరోజుల్లో అలా ఆపి పాటలు పాడి చిల్లర అడగడం మాకు మామూలే, నేనూ అడిగినదాన్నే. నన్ను గుర్తుపట్టిన ఒకావిడ, విమానమెక్కిన మారాణి వచ్చిందర్రా అని కర్ర ఇంకా కిందికి దింపింది. విమానంలో కూడు పెట్టేరా, గాలి పెట్టేరా అని అడిగారు. గాలే పెట్టేరన్నాను. పగలబడి నవ్వారు. వాళ్ళతో నవ్వడానికి నాకు మొహం కదల్లేదు.

అప్ప మంచం మీద ఆనుకుని కూర్చుని ఉంది. నేను నోరు విప్పకముందే చీర చూసింది.

"కోక మీద బూడిదేటి?"

చెప్పాను. మొదట్నుంచీ చెప్పాను, ఆకు, వాంతి, కుక్క, తాళంచెవి, అన్నీ. మధ్యలో మరిది, తప్పు నాదేనప్పా, చూసి కూడా తేలేదన్నాడు. ఆకున్నదాన్ని ముట్టుకోనందుకు నిన్నేటంతాను, పో అంది. తర్వాత నా వైపు తిరిగింది.

"నీకు బుర్ర బరువైనాదేటే?"

అంతే. గోడవైపు తిరిగి పడుకుంది. గంజి తీసుకెళ్తే తాగలేదు. బుర్ర మంచం పక్కన పెట్టి వచ్చాను. మూతి లేని బుర్ర, గుడ్డ కుక్కి ఉంది. ఆ సాయంత్రం, మర్నాడు పొద్దున్న కూడా అప్ప మాట్లాడలేదు. ఆయాసం శబ్దం మాత్రం నా వాకిట్లోకి వినపడేది.

శనివారం మధ్యాహ్నం కోడలి చేత కబురు పెట్టింది. వెళ్తే చెయ్యి బుర్రలో పెట్టి గింజ తడుముతోంది.

"ఇప్పినప్పుడు ఎవులెవులున్నారు?"

చెప్పాను.

"ఆల్ల పేర్లు?"

అడగలేదన్నాను.

"పుట్టమన్ను పగలగొట్టి గింజ సూపించినావు. పేరడగలేదేటే? ఇదేనా నువ్వు సదువుకున్నాది?"

తిట్టిందంటే పని ఉందని నాకు అర్థమైంది. చిన్నప్పటినుంచీ అంతే, కోపం పూర్తిగా వస్తే అప్ప అసలు తిట్టదు.

ఆదివారం పొద్దున్న మరిది అప్పని వీపు మీద మోసుకుని శంకుదేవుడి రాళ్ళ దగ్గరికి తెచ్చాడు. పూజారి మాకు వరసకి మామ. విషయం ఊరంతా పాకిపోయింది. ఆయన బుర్ర చూసి, దేవుడి ముందు విప్పనిది దేవుడికెలా చెబుతాను, దంచుకుని తినండి అన్నాడు. వెనకాల కొందరు అదే నిజమన్నారు. విమానాలెక్కించి పరువు తీసిందని ఒకళ్ళు గట్టిగానే అన్నారు. వాళ్ళన్నది తప్పు కాదు.

అప్ప రాయికి ఆనుకుని ఊపిరి తీసుకుని అప్పుడు మాట్లాడింది.

"మామా, మా యమ్మ అడివి తగలబడినప్పుడు బుర్ర నెత్తిన పెట్టుకుని పరిగెడితే గెడ్డ నీల్ల కాడ పడి పగిలిపోనాది. నువ్వప్పుడు పెద్దోడివే, నీకు గేపకమే. మీ అయ్య ఏటి సేసినాడు? పగిలినప్పుడు గెడ్డ కాడ ఎవులున్నారో ఆల్లని సెప్పి ఏసినాడు. అదే గింజిది."

పూజారి బుర్ర చేతిలోకి తీసుకుని గింజ చూశాడు. గుర్తు లేదనలేదు. చివరికి, ఊరి ఉమ్మడి విత్తనంలో దీన్ని కలపను, అప్ప ముక్కలో మాత్రం వేసుకోండి అన్నాడు. ఏటా అన్ని ఇళ్ళ విత్తనమూ కలిపి తలా గుప్పెడు పంచుతారు. ఆ గుప్పెట్లో ఆ ఏడు మా సామ లేదు. అప్ప దానికి తల ఊపింది. ఆ వాలు మీద వేస్తే చాలంది. పూజారి మాత్రం, విప్పినప్పుడు ఉన్నవాళ్ళని నేను చెప్పలేను, నేను చూడలేదు, చూసినది చెప్పాలి అని నన్ను ముందుకి పిలిచాడు.

ఆ సామ మొలిచింది. అడవిపందులు కొంత తిన్నాయి, మిగతాది వాన వెళ్ళాక కోశాం. అప్ప మంచం మీంచే ఎంచింది. ఆయాసం అలాగే ఉంది, మనిషీ అలాగే ఉంది. రెండు బుర్రలు మెత్తింది, ఒకటి నా ఇంట్లో పెట్టింది. బరువైతే సెప్పు అని మరీ పెట్టింది. చుట్టాలకి పెట్టాల్సిన దోసెళ్ళు విడిగా మూటకట్టి ఉన్నాయి. గుంటకి ఇచ్చాం, మరిది తన వాటా వండుకున్నాడు. మిగతావాళ్ళవి ఎలా చేరతాయో నాకు తెలీదు. ఆ మూట తీసుకుని మళ్ళీ ఆ గేటు దగ్గరికి వెళ్ళే ఓపిక ఇంకా రాలేదు. అక్కడ మళ్ళీ ఇదేమిటి విప్పు అంటారేమో. అయినా మూట ఉంది. ఎవరిదెవరిదో మరచిపోకుండా, ఆ రోజు రాళ్ళ ముందు చెప్పిన వరసలోనే ఇక్కడ రాస్తున్నాను.

బుర్ర విప్పినప్పుడు ఉన్నవాళ్ళు: కళ్ళు ఎర్రబడిన ఆఫీసరు, ఆయన ఊరూ కొండల్లోదే. బూట్లు విడిచిన పార్వతీపురం వైపు పిల్ల. గోడకి ఆనుకుని కునికిన మనిషి. వాడి కుక్క, కుక్కని చెప్పాలా అని పూజారి ఆగితే అప్ప చెప్పమంది. గింజ ఏరిచ్చిన తుడిచే ఆవిడ. మా వ్యవసాయం గుంట. ఆకు చూసి పక్కకి తప్పుకున్న మా మరిది. నేను.